జర్మనీలో కార్డు గడువు ముగిసింది, బ్లూ కార్డు ఇంకా రాలేదు: ఇంటికి వెళ్లి తిరిగి రావచ్చా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. జర్మనీలో మాస్టర్స్ పూర్తయిన తరువాత ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే 18 నెలల అనుమతి మీద ఇంతకాలం ఉన్నాను. ఆగస్టులో ఉద్యోగంలో చేరాను. అనుమతి గడువు నవంబరు 30 వరకు ఉండగానే, సెప్టెంబరు 8న మా ఊరి ఆస్లాండర్ ఆఫీసు (విదేశీయుల అనుమతులు చూసే కార్యాలయం) పోర్టల్‌లో బ్లూ కార్డుకు, అంటే విదేశీ నిపుణులకు ఇచ్చే ఉద్యోగ నివాస అనుమతికి, దరఖాస్తు చేశాను. దరఖాస్తు అందిందనీ, మాటిమాటికీ విచారిస్తే పని ఇంకా ఆలస్యమవుతుందనీ వెంటనే ఒక ఈమెయిల్ వచ్చింది. అది కంప్యూటరు పంపినదే. ఆ తరువాత ఈ నాలుగు నెలలుగా ఉలుకూ పలుకూ లేదు.

ప్రస్తుతం నా దగ్గర ఉన్నవి గడువు తీరిన పాత అనుమతి ప్లాస్టిక్ కార్డు, ఆ ఈమెయిల్, అంతే. చెల్లుబాటులో ఉన్న పత్రం నకలు ఈ నెలాఖరులోగా ఇవ్వకపోతే పనిలో కొనసాగించడం కష్టమని మా కంపెనీ హెచ్‌ఆర్ వారు మర్యాదగానే చెప్పారు. ఇది ఇలా ఉండగా ఫిబ్రవరిలో తెనాలిలో మా చెల్లెలి పెళ్లి. నాన్నగారు లేరు కనుక పెళ్లి పెద్దరికం నా మీదే ఉంది. నేను ఇప్పుడు ఇక్కడ చట్టబద్ధంగానే ఉన్నట్టా? పెళ్లికి వెళితే మళ్లీ రానిస్తారా? 300 యూరోలు ఇస్తే ఆఫీసులో టెర్మిన్ (అపాయింట్‌మెంటు) ఇప్పిస్తానని మన వాట్సాప్ గ్రూపులో ఒకరు అంటున్నారు, నమ్మవచ్చా?

జవాబు 1

ముందు ఆ 300 యూరోల సంగతి మరిచిపోండి. ఆఫీసు ఉచితంగా ఇచ్చే టెర్మిన్లను పట్టి పెట్టుకుని అమ్ముకునేవాళ్లు అన్ని ఊళ్లలోనూ తయారయ్యారు. వాళ్లకు పాస్‌పోర్టు నకలు పంపడం డబ్బు పోగొట్టుకోవడం కంటే ప్రమాదం.

మీరు ఇక్కడ చట్టబద్ధంగానే ఉన్నారు. గడువు తీరకముందే దరఖాస్తు చేశారు కనుక, జర్మన్ నివాస చట్టం 81వ సెక్షన్ 4వ క్లాజు ప్రకారం, ఆఫీసు ఏదో ఒక నిర్ణయం చెప్పేవరకు మీ పాత అనుమతి దానిలోని పని హక్కుతో సహా కొనసాగుతున్నట్టే లెక్క. ఇది ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, దరఖాస్తు చేసిన క్షణం నుంచి దానంతట అదే అమలులోకి వస్తుంది. అయితే చట్టం మీ పక్షాన ఉన్నదని హెచ్‌ఆర్ వారికీ విమానాశ్రయంలోని పోలీసుకూ చూపడానికి కాగితం కావాలి కదా. ఆ కాగితమే ఫిక్షన్స్‌బెషైనిగుంగ్, మనవాళ్లు ఫిక్షన్ లెటర్ అంటున్నది. దానికి రుసుము 13 యూరోలు.

ఆ పత్రం మడతలు పెట్టిన ఆకుపచ్చ కాగితం. లోపల మూడు గళ్లు ఉంటాయి, గుమాస్తా వాటిలో ఒకదానిలో గుర్తు పెడతారు. మొదటి రెండూ అదే సెక్షన్‌లోని 3వ క్లాజుకు చెందినవి, మూడవది 4వ క్లాజుకు. మీ ప్రయాణం మొత్తం ఆ ఒక్క గుర్తు మీదే ఆధారపడి ఉంటుంది. 4వ క్లాజు గుర్తు ఉంటే దేశం వదిలి వెళ్లి తిరిగి రావచ్చు. 3వ క్లాజు గుర్తుతో వెళితే ఆ కాగితం మీద తిరిగి ప్రవేశం లేదు. మూడేళ్ల క్రితం నాకు పొరపాటున మొదటి గడిలో గుర్తు పెట్టి ఇచ్చారు. నేను చదవకుండా సంచిలో పెట్టుకుని మెట్లు దిగుతూ, ఎందుకో అనుమానం వచ్చి తీసి చూశాను. వెనక్కి వెళ్లి వేలితో చూపిస్తే ఆవిడ కళ్లద్దాలు సర్దుకుని, ఒక్క మాట అనకుండా కొత్తది రాసి ముద్ర వేసి ఇచ్చింది. బల్ల దగ్గర నిలబడి ఉండగానే చదువుకోండి. ఆ పత్రానికి కూడా గడువు తేదీ ఉంటుందన్నది మరవకండి.

జవాబు 2

పై మిత్రుడు చెప్పినదానిలో నాకొక సందేహం ఉంది. ఉద్యోగ అన్వేషణ నుంచి బ్లూ కార్డుకు మారడమంటే నివాస ప్రయోజనమే మారిపోతున్నది కనుక 4వ క్లాజు వర్తించదనీ, అది కేవలం పొడిగింపులకే అనీ నాకు ఒక కన్సల్టెంటు చెప్పాడు. ఆ భయంతోనే నేను మా తాతగారి పెద్దకర్మకు వెళ్లలేదు.

జవాబు 1 రాసినవారు

మీకు తప్పు చెప్పారండీ. పొడిగింపు కోరినా, వేరొక రకం అనుమతి కోరినా 4వ క్లాజు వర్తిస్తుందని ఆ వాక్యంలోనే స్పష్టంగా ఉంది. అనుమతి పత్రం ఏదీ లేకుండానే చట్టబద్ధంగా ఇక్కడ ఉన్నవారి కోసం, అంటే వీసా అవసరం లేని దేశాల నుంచి వచ్చినవారి వంటివాళ్ల కోసం 3వ క్లాజు ఉంది. షెంగెన్ (లోపలి సరిహద్దు తనిఖీలు లేని యూరప్ దేశాల కూటమి) టూరిస్టు వీసా మీద వచ్చినవారికి 4వ క్లాజు వర్తించదు. మీ కన్సల్టెంటు బహుశా ఆ మినహాయింపును దీనితో కలిపేసి ఉంటాడు. పెద్దకర్మకు వెళ్లలేకపోవడం మాత్రం చాలా బాధాకరం.

జవాబు 3

ప్రయాణం గురించి నేను చెబుతాను. నిరుడు ఇదే పత్రం మీద వెళ్లి వచ్చాను. ఫ్రాంక్‌ఫర్ట్‌లో పాస్‌పోర్టు చూసే పోలీసు అర నిమిషంలో పంపించాడు. ఇబ్బందల్లా శంషాబాదులో బోర్డింగ్ పాస్ ఇచ్చే దగ్గర వచ్చింది. కౌంటరులో ఉన్న అమ్మాయి ఆ ఆకుపచ్చ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, గడువు తీరిన కార్డును రెండుసార్లు చూసి, "సార్, వీసా ఎక్కడుంది?" అని అడిగింది. సూపర్‌వైజరు వచ్చి, ఎవరికో ఫోను చేసి, వాళ్ల కంప్యూటరులో చూసి సరేననేసరికి నలభై నిమిషాలు గడిచాయి. నా వెనుక క్యూలో ఉన్న పెద్దాయన ఆవకాయ జాడీ ఉన్న అట్టపెట్టె మీదే కూర్చుండిపోయాడు. అందువల్ల నాలుగు గంటల ముందే చేరుకోండి. పాత కార్డును పారేయకుండా పాస్‌పోర్టుతో కలిపి ఉంచుకోండి. పారిస్, ఆమ్‌స్టర్‌డామ్ వంటి చోట్ల విమానం మారితే షెంగెన్ ప్రవేశం ఆ దేశపు అధికారి ముందే జరుగుతుంది కనుక, వీలైతే హైదరాబాదు నుంచి నేరుగా గాని, దుబాయ్, దోహాల మీదుగా గాని జర్మనీలోనే దిగేలా టికెట్ తీసుకోండి. పత్రం చేతికి రాకుండా మాత్రం బయలుదేరవద్దు. ఈమెయిల్ ప్రింటు చూపిస్తే విమానం ఎక్కనివ్వరు.

జవాబు 4

నాలుగు నెలలు మౌనంగా ఉన్న ఆఫీసు పత్రం ఎలా ఇస్తుందన్నది అసలు చిక్కు. సామాన్య ఈమెయిల్ పెట్టెకు రాసి లాభం లేదు. ఒక పేజీ ఉత్తరం జర్మన్‌లో రాసి, దరఖాస్తు తేదీ, పాత అనుమతి గడువు, హెచ్‌ఆర్ వారి లేఖ, పెళ్లి తేదీ పేర్కొని, ఫలానా రోజులోగా 81వ సెక్షన్ 4వ క్లాజు కింద పత్రం ఇవ్వండని రిజిస్టర్డు పోస్టులో పంపండి. సరైన కారణం లేకుండా మూడు నెలలు దాటినా దరఖాస్తు మీద నిర్ణయం చెప్పకపోతే పరిపాలనా న్యాయస్థానంలో దావా వేసే హక్కు కూడా మీకు ఉంది. దీన్ని ఉన్‌టేటిష్‌కైట్స్‌క్లాగె అంటారు. మీ మూడు నెలలు డిసెంబరు 8తోనే పూర్తయ్యాయి. మొదటి దశలో వకీలు తప్పనిసరి కాదు. ఆ హక్కు గురించి తెలుసునని ఉత్తరం చివర ఒక్క వాక్యంలో, బెదిరింపు ధోరణి లేకుండా రాయండి. కేసు వేస్తే పగబడతారని మనవాళ్లు భయపడుతుంటారు గాని, అక్కడ ఉన్నది వందల ఫైళ్ల కింద నలిగిపోతున్న గుమాస్తా. ఆ ఉత్తరంతో మీ ఫైలు పైకి రావడమే మనకు కావలసింది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఉత్తరం పంపిన తొమ్మిదవ రోజున ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. ఈ ఉదయం 13 యూరోలు కట్టి పత్రం తీసుకున్నాను. బల్ల దగ్గరే నిలబడి మూడు గళ్లూ చదివాను, గుర్తు మూడవ గడిలోనే ఉంది. హెచ్‌ఆర్ వారికి నకలు పంపాను. పత్రం గడువు ఏప్రిల్ 14 వరకు ఉంది, తిరుగు ప్రయాణం మార్చి 1న. బ్లూ కార్డు ఎప్పుడు వస్తుందని అడిగితే బల్ల దగ్గరి గుమాస్తా భుజాలు ఎగరేసింది.