గింజల తొట్టి దగ్గర పక్షుల దినచర్య: మధ్యాహ్నం ఎందుకు రావు?

ప్రశ్న

పెరట్లో గింజల తొట్టి వేలాడదీసినప్పటి నుంచి పక్షుల రాకపోకలను గమనిస్తున్నాను. వెలుగు రేకలు విచ్చుకోగానే పిచ్చుకలు గుంపుగా వాలి, ఒకదాన్నొకటి తోసుకుంటూ తింటాయి. ఎండెక్కేసరికి ఆ సందడి సద్దుమణుగుతుంది. మధ్యాహ్నమంతా తొట్టి నిండుగానే ఉంటుంది కానీ పక్షుల జాడ ఉండదు. పొద్దు వాలే వేళకు మళ్ళీ అన్నీ వచ్చేస్తాయి. గింజలు నచ్చక వెళ్ళిపోతున్నాయా, దేన్నైనా చూసి బెదురుతున్నాయా, లేక వాటి దినచర్యే ఇంతా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. మరో సందేహం కూడా ఉంది. పిచ్చుకలు తొట్టి అంచున కూర్చుని తీరిగ్గా తింటాయి, కొన్ని చిన్న పిట్టలు మాత్రం ఒక్క గింజను ముక్కున కరుచుకుని వెంటనే కొమ్మ మీదికి ఎగిరిపోతాయి. ఈ తేడాకు కారణమేమిటి? నేను ఊరికి వెళ్ళి కొన్నాళ్ళు గింజలు పోయలేకపోతే, అలవాటుపడిన ఈ పక్షులు ఆకలితో అలమటిస్తాయా?

మొదటి సమాధానం

మీరు చూస్తున్నది వాటి సహజమైన దినచర్యే. చిన్న పక్షి ఒంట్లో కొవ్వు నిల్వ చాలా తక్కువ. రాత్రంతా ఏమీ తినకుండానే అది ఒంటి వేడిని నిలుపుకోవాలి. చలికాలంలో ఒక్క రాత్రి గడిచేసరికి దాని బరువులో సుమారు 10 శాతం తగ్గిపోవడం మామూలే. తెల్లవారుజామున కనిపించే ఆత్రం ఆ లోటు పూడ్చుకోవడానికి, సాయంత్రపు తిండి రాబోయే రాత్రిని గట్టెక్కడానికి.

అయితే కడుపు నిండడం వల్లే మధ్యాహ్నం రావడం లేదనుకుంటే మనకు సగమే అర్థమైనట్టు. కొవ్వు పట్టిన పక్షి బరువెక్కుతుంది, బరువెక్కినది ఉన్న చోటు నుంచి గబుక్కున పైకి లేవలేదు, డేగ విరుచుకుపడినప్పుడు ఆ కాస్త ఆలస్యమే దాని ప్రాణం తీస్తుంది. కనుక పగలంతా వీలైనంత తేలికగా ఉండి, బరువు పెరగడాన్ని సాయంత్రానికి వాయిదా వేసుకోవడం పక్షికి మేలు. కానీ తిండి ఎక్కడ దొరుకుతుందో తెలియకుండా వాయిదా వేస్తే ఆకలితో చావాల్సి వస్తుంది. ఈ చిక్కును అవి ఎలా పరిష్కరించుకుంటాయో ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్ దగ్గర వైథమ్ అడవిలో జరిగిన ఒక పరిశోధన చూపింది. అక్కడి చిన్న పిట్టలకు ఎలక్ట్రానిక్ ట్యాగులు తగిలించి, అవి ఏ వేళ ఏ తొట్టి దగ్గరికి వస్తున్నాయో నమోదు చేశారు. అవి ఉదయం పూట కొత్త తిండి చోట్లను వెతికి పెట్టుకుని, కడుపారా తినడాన్ని మాత్రం మధ్యాహ్నం దాటాక పెంచుతున్నాయని 2013లో ప్రచురించారు. అంటే ఉదయపు సందడిలో ఆకలితో పాటు ఆరా తీయడం కూడా ఉందన్నమాట.

ఎండ తీవ్రంగా ఉండే రోజుల్లో ఇంకో కారణం తోడవుతుంది. పక్షులకు చెమట పట్టదు. అవి నోరు తెరిచి రొప్పుతూ వేడిని వదిలించుకోవాలి, ఎగిరితే ఆ వేడి మరింత పెరుగుతుంది. అందువల్ల నడి ఎండలో ఆకుల నీడన కదలకుండా కూర్చోవడమే వాటికి సుఖం.

రెండవ సమాధానం

అక్కడే తినడం, ఎత్తుకుపోయి తినడం అన్న తేడా ముక్కును బట్టి వస్తుంది. పిచ్చుక ముక్కు పొట్టిగా, లావుగా, మొదలు దగ్గర బలంగా ఉంటుంది. అది గింజను నాలుకతో తిప్పి ముక్కు అంచుల మధ్య సరిగ్గా ఇరికించి, పొట్టు చిట్లగొట్టి పప్పును మింగుతుంది. దగ్గరగా చూస్తే ముక్కుకు రెండు పక్కల నుంచీ పొట్టు రాలుతూ కనిపిస్తుంది. ఆ పని ఎక్కడైనా చేయగలదు కాబట్టి తొట్టిని వదిలి పోవలసిన అవసరం దానికి లేదు. టిట్, చికడీ వంటి పిట్టల ముక్కులు అందుకు చాలవు. అవి గింజను కొమ్మ మీద కాళ్ళ కింద అదిమిపట్టి, ముక్కుతో పొడిచి పగలగొట్టాలి. ఒక్కో గింజకు ఒక్కో ప్రయాణం తప్పదు. పైగా చికడీలు దొరికినదంతా అప్పటికప్పుడే తినవు. బెరడు పగుళ్ళలో విడివిడిగా దాచి, తర్వాత ఆ చోట్లను గుర్తుపెట్టుకుని మరీ వెతుక్కుంటాయి.

పావురాలది మూడో పద్ధతి. అవి పొట్టు తీయకుండానే గబగబా మింగి మెడ దిగువన ఉండే సంచిలో నింపుకుంటాయి. తర్వాత భద్రమైన చోట కూర్చున్నప్పుడు కందనకాయ ఆ గింజలను తీరిగ్గా నలుగగొడుతుంది. తిండిపోతుల్లా కనిపించే ఈ పావురాలు నిజానికి ప్రమాదకరమైన బయలులో గడిపే సమయాన్ని తగ్గించుకుంటున్నాయని నా అభిప్రాయం.

తోసుకోవడం గురించి కూడా ఒక మాట. బలమైన పక్షికి ఎప్పుడు వచ్చినా చోటు దొరుకుతుంది కనుక అది ఒంట్లో ఎక్కువ కొవ్వు మోయనక్కరలేదు. అదును దొరికినప్పుడే తినవలసిన బలహీనమైనదే ముందుజాగ్రత్తగా ఎక్కువ నిల్వ చేసుకుంటుంది. మీరు జాగ్రత్తగా గమనిస్తే మధ్యాహ్నపు నిశ్శబ్దంలో ఒంటరిగా వచ్చి తినిపోయే పిట్టలు ఒకటి రెండైనా కనిపిస్తాయి. గుంపులో చోటు దొరకనివి అవే కావచ్చు.

మూడవ సమాధానం

పై రెండు సమాధానాలతో ఏకీభవిస్తున్నాను. కానీ ప్రశ్నలో "మధ్యాహ్నం నిండుగానే ఉంటుంది" అన్న మాట దగ్గర ఆగవలసి ఉంది. అడుగు వెడల్పుగా ఉండే తొట్టిలో పక్షులు వదిలిన పొట్టు అక్కడే మిగిలిపోయి, పై నుంచి చూసేవారికి గింజల్లాగే కనిపిస్తుంది. ఒకసారి గుప్పెడు తీసి అరచేతిలో వేసుకుని ఊది చూడండి. అంతా ఎగిరిపోతే మధ్యాహ్నం పక్షులు రాకపోవడానికి అదీ ఒక కారణమే.

మీ చివరి ప్రశ్నకు సమాధానం ఊరట కలిగించేదే. అమెరికాలోని విస్కాన్సిన్‌లో నల్లతల చికడీలను అధ్యయనం చేసినప్పుడు, తొట్టి అందుబాటులో ఉన్నా అవి రోజువారీ శక్తిలో సుమారు ఐదో వంతు మాత్రమే అక్కడి నుంచి పొందుతున్నాయని, మిగిలినదంతా చెట్ల మీద స్వయంగా వెతుక్కుంటున్నాయని తేలింది. అలవాటైన తొట్టిని తీసేశాక కూడా, అవి ఎన్నడూ తొట్టి ఎరుగని చికడీలతో సమానంగానే బతికాయి. కాకపోతే అదే పరిశోధకులు చేసిన మరో అధ్యయనంలో తొట్టి ఉన్న చోట 69 శాతం, లేని చోట 37 శాతం మాత్రమే చలికాలం దాటాయి. ముఖ్యంగా గడ్డకట్టే చలి రోజుల్లో ఆ తేడా ప్రాణాధారమైంది. కాబట్టి మామూలు రోజుల్లో నిశ్చింతగా వెళ్ళండి. విపరీతమైన చలి ఉన్న సమయంలో మాత్రం పొరుగువారెవరికైనా ఆ పని అప్పగించడం మంచిది.

ప్రశ్న అడిగినవారు

ఊది చూశాను, ముప్పాతిక వంతు పొట్టే. ఇకపై గింజలు ఉదయం పోయాలా, సాయంత్రం పోయాలా?

మూడవ సమాధానం రాసినవారు

తెల్లవారేసరికి తొట్టిలో గింజలుండాలి. అలాగని ముందురోజు రాత్రే నింపితే ఎలుకలకు విందు పెట్టినట్టవుతుంది. పెందలాడే లేవగలిగితే ఉదయం కొంత, మధ్యాహ్నం దాటాక పొట్టు దులిపి మరికొంత పోయండి. చీకటి పడేసరికి తొట్టి దాదాపు ఖాళీ అయ్యేలా కొలత చూసుకోండి.

తొట్టి శుభ్రతను తేలిగ్గా తీసుకోవద్దు. ఒకే చోట అన్ని ముక్కులు తగిలే వస్తువు రోగాలకు కూడలి అవుతుంది. బ్రిటన్‌లో 2005 నుంచి ట్రైకోమోనోసిస్ అనే వ్యాధి వ్యాపించి గ్రీన్‌ఫించ్ పక్షుల సంఖ్య దారుణంగా పడిపోయింది. తడిసిన గింజలను వెంటనే పారేసి, వారం పదిరోజులకోసారి తొట్టిని వేడినీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరాకే మళ్ళీ నింపండి. ఏ పక్షి అయినా ఈకలు ఉబ్బించుకుని, మనిషి దగ్గరికి వచ్చినా కదలకుండా తొట్టి దగ్గరే కూర్చుంటే, తొట్టిని రెండు వారాల పాటు తీసేయండి. మిగతా పక్షులు చెదిరిపోయి వేరే చోట తింటాయి.