ఈ వారం సమస్య: చెత్త నూడ్వ నింట జెత్త పెరిగె

నిర్వాహకుడు:
అందరికీ నమస్కారం. సమస్య ఇవ్వడం రెండ్రోజులు లేటయింది, తప్పు నాది కాదు నా ల్యాప్‌టాప్‌ది. పోయిన వారం పూరణలన్నీ ఒక ఫైల్లో పెట్టి సేవ్ కొడితే చోటు లేదు పొమ్మంది, సీ డ్రైవ్ చూద్దును కదా ఎర్రగీత ఈ చివర్నించి ఆ చివరికి, 238 జీబీలో మిగిలింది 400 ఎంబీ. రాత్రి మూడు గంటలు కూర్చుని అదీ ఇదీ పీకేసి పడుకున్నా. పొద్దున్న లేచి చూస్తే 300 ఎంబీ!! ఆ కడుపుమంటలోంచి వచ్చిందే ఈ ఆటవెలది నాలుగో పాదం, పై మూడు పాదాలూ మీరు పూరించాలి:

చెత్త నూడ్వ నింట జెత్త పెరిగె

ఒకటే షరతు. కొత్త కోడలు, చీపురు, అత్తగారు వద్దు, కైకేయి మంథర అసలే వద్దు. కంప్యూటర్ మీదే పూరించాలి. పనిలో పనిగా నా డిస్కు ఖాళీ అయ్యే ఉపాయం ఎవరి పద్యంలోనన్నా ఉంటే వాళ్లకి రుణపడి ఉంటా.

పాతకాపు:
ఊడ్వ ఏంటండీ, ఊడ్చ కదా? టైపో అనుకుంటా.

గణాల మాస్టారు:
టైపో కాదు. ఓర్చు ఓర్వ అయినట్టే ఊడ్చు ఊడ్వ అవుతుంది. ఇంటన్ అని చివర ద్రుతం, అంటే న్, ఉంది కాబట్టి చెత్త కాస్తా జెత్త అయింది, పాదం మొదటి అక్షరం చె కీ నాలుగో గణం మొదటి అక్షరం జె కీ యతి సరిపోయింది. పాదం శుభ్రంగా ఉంది, ఇచ్చినవాడి డిస్కే శుభ్రంగా లేదు. ఇంకోటి, 256 అని కొన్నది 238 ఎందుకు చూపిస్తోందని మళ్లీ ఎవరూ మొదలెట్టకండి, అమ్మేవాడు వెయ్యి లెక్కన కొలుస్తాడు, విండోస్ 1024 లెక్కన కొలుస్తుంది, మధ్యలో ఎవడూ తినలేదు.

పాతకాపు:
సరే మాస్టారూ, బోణీ నాదే.

డిస్కు నిండె ననుచు డిలెటు నొక్కితినయ్య
బిన్నులోన చేరి పేరుకొనియె
జాగ రాదు గాని జాబితా తరిగెను
చెత్త నూడ్వ నింట జెత్త పెరిగె

డిలీట్ కొట్టినవన్నీ రీసైకిల్ బిన్‌లో కూర్చుంటాయి, ఆ బిన్ ఉండేది కూడా అదే డ్రైవ్‌లో, దాన్ని కూడా ఖాళీ చేసేదాకా ఒక్క ఎంబీ కూడా వెనక్కి రాదు. నిర్వాహకుడి గారి మూడు గంటల కష్టం ఇదేనని నా అనుమానం.

నిర్వాహకుడు:
😶 ఇప్పుడే చూశా. బిన్‌లో 9 జీబీ ఉంది.

గణాల మాస్టారు:
పద్యం నడక బాగుంది. డిలీటు అంటే జగణం, అది ఇంద్రగణాల్లో లేదు గనక డిలెటు చేశారు, పరభాషా పదమే కదా, వదిలేస్తాను. జాబితా తరిగిందనడం నాకు నచ్చింది. కానీ అసలు చిక్కు విడిపోలేదు. ఈ మూలనున్న చెత్త ఆ మూలకి వెళ్లింది అంతే, మొత్తం ఎంతుందో అంతే ఉంది. సమస్యలో ఉన్న మాట "పెరిగె". పెరగడం ఎక్కడ? ఇది మారడం. నూటికి అరవై.

పాతకాపు:
అరవయ్యా? బళ్లో కూడా ఇంతేనా మీరు?

గణాల మాస్టారు:
బళ్లో నలభై ఇచ్చేవాణ్ణి.

కరీంనగర్ అక్క:
నాది జర చూడుండ్రి. మా అత్తమ్మ ఫోన్ నిండిందంటే మొత్తం ఎత్తి నా ల్యాప్‌టాప్ల ఏసిన, గప్పటి సంది దీనికి దమ్ము వస్తలేదు.

ఫోను నిండె ననుచు పూర్తిగా కాపీని
ల్యాపుటాపులోన లాగివేయ
కోటి వచ్చి చేరె గుడ్డుమార్నింగులే
చెత్త నూడ్వ నింట జెత్త పెరిగె

పాతకాపు:
గుడ్డుమార్నింగులా!! అక్కా ఆమ్లెట్ వాసనొస్తోంది 😂

కరీంనగర్ అక్క:
రెండు ఇంద్రగణాలు వడాలె తమ్ముడూ, గుడ్డు పెట్టకపోతే గణం నిలబడదు.

గణాల మాస్టారు:
కో కీ గు కీ యతి చక్కగా పడిందమ్మా, కవర్గం ఓత్వం ఉత్వం, ముచ్చటగా ఉంది. ఊడ్చింది ఫోన్‌లో, పెరిగింది ల్యాప్‌టాప్‌లో. ఒక ఇల్లు ఊడిస్తే పక్కింట్లో పడ్డట్టు. సమస్యలో ఇల్లు ఒకటేనా రెండా అని అడగొచ్చు గానీ రెండూ మీ ఇంట్లోవే కదా, సరిపెడతాను. ఒక్క సంగతి, 1956లో ఐబీఎమ్ వాళ్లు తెచ్చిన మొట్టమొదటి హార్డ్ డిస్కులో 24 అంగుళాల పళ్లేలు యాభై, మొత్తం బరువు టన్నుపైన, పట్టేది సుమారు 5 ఎంబీ. మీ అత్తగారి గులాబీపువ్వు వీడియో ఒకటి పెడితే ఇక తలుపులు మూసుకోవాల్సిందే.

కరీంనగర్ అక్క:
రోజుకు గసొంటివి నలభై వస్తయ్ మాస్టారూ. ఒక్కటే వీడియో నాలుగు గ్రూపులల్ల. వాట్సాప్ సెట్టింగ్స్‌ల మీడియా ఆటో డౌన్‌లోడ్ బంద్ వెట్టిన ఇగ.

విశాఖ విసుగు:
నాదీ ఒకటి. డిస్కు క్లీన్ చేస్తానని ఒక ఫ్రీ సాఫ్ట్‌వేర్ కనిపిస్తే వేశా, పేరు చెప్పను. నెక్స్ట్ నెక్స్ట్ నెక్స్ట్ కొట్టుకుంటూ పోయా, అయిపోయాక చూస్తే బ్రౌజర్ మారిపోయింది, హోమ్ పేజీ మారిపోయింది, కుడిపక్క మూల్లో ఎవడో నా కంప్యూటర్‌లో 1,400 సమస్యలున్నాయ్ డబ్బు కడితే తీసేస్తానని అరుస్తున్నాడు.

ఊడ్చిపెట్టు ననుచు నొక సాఫ్టువేరు తే
దానివెంట దిగిరి దాయలెల్ల
అడుగకున్న వచ్చి యంటెను టూల్బారు
చెత్త నూడ్వ నింట జెత్త పెరిగె

పాతకాపు:
దాయలెల్ల 👌👌 దిగిపోయారు కౌరవుల్లాగ. కానీ టూల్‌బార్ ఏంటి బాబూ, ఇంకా ఎక్కడున్నావ్?

విశాఖ విసుగు:
ఆ ల్యాప్‌టాప్ మా నాన్నది. అందులో అన్నీ బతికే ఉంటాయి.

గణాల మాస్టారు:
ఇప్పుడు నిజంగా పెరిగింది. ఊడ్చే ప్రయత్నమే చెత్త తెచ్చింది, విరోధం అక్కడికక్కడే కుదిరింది. ఎనభై. అసలు విండోస్‌లోనే స్టోరేజ్ సెట్టింగ్స్ ఉన్నాయి, ఏ ఫోల్డర్ ఎంత మింగిందో బొమ్మ గీసి చూపించే విన్‌డిర్‌స్టాట్ లాంటివి ఉచితంగానే ఉన్నాయి, వీధిలో పోయేవాణ్ణి పిలిచి బీరువా తాళాలు ఇవ్వడం ఎందుకు?

నిర్వాహకుడు:
ఆ విన్‌డిర్‌స్టాట్ వేశా, కొంచెం ఖాళీ అయింది కాబట్టి వేయగలిగా 😅 రంగు రంగుల గళ్లు వచ్చాయి. సగం తెరంతా ఒకే గడి, మా చెల్లి పెళ్లి వీడియోలు. దోమ కుత్తుకలో ఏనుగుల గుంపు దూరిందంటే నమ్ముతా గానీ ఈ 256లో ఇవెలా దూరాయో నమ్మలేకపోతున్నా. ఇంకో పెద్ద గడి విండోస్ డాట్ ఓల్డ్ అంట, అదేంటి?

కంద బచ్చలి:
దాని మీదే రాస్తున్నా ఆగండి.

కొత్త విండొ వచ్చి కూర్చుండె నింటను
పాతదేమొ పోక పక్క జేరె
పదియు దినము లుండు బంధువు కరణిని
చెత్త నూడ్వ నింట జెత్త పెరిగె

పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు విండోస్ తన పాత ఒంటిని ఆ ఫోల్డర్లో దాచుకుంటుంది, కొత్తది నచ్చకపోతే వెనక్కి పోడానికి 10 రోజుల గడువు, తర్వాత తనే తీసేస్తుంది. తొందరైతే స్టోరేజ్‌లో టెంపరరీ ఫైల్స్‌కి వెళ్లి ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్ టిక్ పెట్టి తీసెయ్యండి, ఆ తర్వాత వెనక్కి మాత్రం పోలేరు. అదే జాబితాలో డౌన్‌లోడ్స్ అని కూడా ఉంటుంది, చూడకుండా టిక్ పెట్టారో మీ పూరణలతో సహా గంగలో కలుస్తాయి.

గణాల మాస్టారు:
బంధువు కరణిని, భేష్. కానీ ఊడ్చినవాడేడీ? కొత్తది వచ్చి కూర్చుంది, పాతది పక్కకి జరిగింది, చీపురు ఎవరూ పట్టలేదు, నాలుగో పాదం గాల్లోంచి ఊడిపడింది. రెండోది, "పదియు"లో ఆ యు దేనికి? గణం పొట్ట నింపడానికి తప్ప ఏ పనీ లేదు. టెంపరరీ ఫైల్ అంటే అదే. తీసెయ్.

కంద బచ్చలి:
మాస్టారు నా పద్యానికే డిస్క్ క్లీనప్ పెట్టారు. సవరించా, చూడండి:

పాత విండొ తుడిచి పరచితి కొత్తది
పోయె ననుకొనంగ పొంచియుండె
పదిదినాల పాటు బంధువు కరణిని
చెత్త నూడ్వ నింట జెత్త పెరిగె

గణాల మాస్టారు:
ఇదీ. తుడవడం వచ్చింది, పొంచియుండె అనడంతో దొంగతనం కూడా వచ్చింది. ఎనభై అయిదు.

డాలస్ బావ:
పద్యం రాదు గానీ ఒక మాట చెప్పి పోతా, నాకు మ్యాక్ ఉంది. అందులోనూ ఇదే గోల, వీడియోలు తీసేసి ట్రాష్ కూడా ఖాళీ చేసినా చోటు రాలేదు, ఏంటా అని తవ్వితే బ్యాకప్ కోసం ఉన్న టైమ్ మెషీన్ అదే డిస్కులో తీసి పెట్టే లోకల్ స్నాప్‌షాట్లు వాటిని పట్టుకుని ఉన్నాయి, 24 గంటలు ఉంచుకుని వదిలేస్తాయట, నేను ఆ రాత్రంతా మేలుకుని ఇంకో నాలుగు ఫోల్డర్లు అనవసరంగా పీకేశా. ఇంకొకటి, క్లౌడ్‌లో ఉంది కదా అని ల్యాప్‌టాప్‌లో ఫొటోలు డిలీట్ చేయకండి, వన్‌డ్రైవ్ అయినా ఇంకోటయినా సింక్ అంటే ఇక్కడ పోతే అక్కడా పోతుంది. మా ఆవిడ సీమంతం ఫొటోలు అలా మూడు చోట్లా ఒకేసారి మాయమైతే ఆన్‌లైన్ బిన్‌లో దొరికాయ్ కాబట్టి ఇవాళ ఇంట్లో ఉన్నా.

కరీంనగర్ అక్క:
బావా, నీది పద్యం గాకపోయినా కథ మంచిగున్నది.

నైట్ షిఫ్ట్ కుర్రాడు:
నమస్కారమండీ, ఇదే నా మొదటి పూరణ, తప్పులుంటే తిట్టకండి. ఆఫీసులో రాత్రి రెండింటికి జరిగింది.

లాగు ఫైలు చెరుప లైనక్సులో జాగ
రాక పోయె సర్వ రింక నిండె
పట్టి విడువదాయె బ్యాక్గ్రౌండు ప్రాసెస్సు
చెత్త నూడ్వ నింట జెత్త పెరిగె

పాతకాపు:
లాగు ఫైలా, ఎవడి లాగు? నిక్కరా? 😂

నైట్ షిఫ్ట్ కుర్రాడు:
లాగ్ ఫైల్ అన్నా, ప్రోగ్రామ్ తను చేసిందంతా రాసుకునే చిట్టా. సర్వర్లో డిస్కు 100 శాతం అయితే అలారం మోగింది, చూస్తే ఒక్క లాగ్ ఫైలే మొత్తం మింగేసింది, దాన్ని డిలీట్ చేశా. ఫైల్ పోయింది, చోటు రాలేదు. ఎందుకంటే లైనక్స్‌లో డిలీట్ అంటే పేరు తీసెయ్యడమే, ఆ ఫైల్‌ని ఏదన్నా ప్రోగ్రామ్ తెరిచి పట్టుకుని ఉంటే అది వదిలేదాకా డిస్కులో బ్లాకులు అలాగే ఉంటాయి. డిస్కు మొత్తం లెక్క చెప్పే డీఎఫ్ కొడితే నిండుగా, కనపడే ఫైళ్లు కూడి చెప్పే డీయూ కొడితే ఖాళీగా, పిచ్చెక్కిపోయింది. పైగా నేను అక్కడక్కడ వేరేవి తీసి రెండు జీబీ సంపాదిస్తే ఆ పేరులేని ఫైల్లోకే ప్రోగ్రామ్ ఇంకా రాస్తూ అది కూడా తినేసింది. చివరికి తెరిచి ఉన్న ఫైళ్లు చూపించే ఎల్ఎస్ఓఎఫ్‌లో డిలీటెడ్ అని పక్కన రాసి కనిపిస్తే సర్వీస్ రీస్టార్ట్ చేశా, ఒక్క దెబ్బకి ఖాళీ. డిలీట్ చేయకుండా ఫైల్‌ని సున్నాకి కుదించి ఉంటే అసలీ గొడవే లేదని మా లీడ్ తెల్లారాక చెప్పాడు.

గణాల మాస్టారు:
నాయనా, ముందు తిట్టాల్సింది తిట్టేస్తాను. రెండో పాదంలో రా కి రి యతి చెల్లదు, ఆ కీ ఇ కీ మైత్రి లేదు. సర్వరింక అని అతుకు కూడా కనిపిస్తోంది. "రాక పోయె నకట రాతిరంత" అను, యతి కుదురుతుంది, నీ నైట్ షిఫ్టూ వస్తుంది.

ఇక అసలు మాట. పొద్దున్నించీ నేను పెరగడం ఎక్కడ పెరగడం ఎక్కడ అని అందర్నీ వేధిస్తున్నాను చూడు, దానికి సూటిగా జవాబు చెప్పింది నువ్వే. ఊడ్చిన చెత్తే, అదే ఇంట్లో, ఊడ్చిన తర్వాతే, కంటికి కనపడకుండా పెరుగుతోంది. ఇల్లు మారలేదు, చెత్త మారలేదు, పక్కింటివాడు రాలేదు. ఎక్కడా శ్లేష పెట్టి తప్పించుకోలేదు. లైకి లా కి యతి వేశావు చూడు, ఆత్వానికి ఐత్వం, అది తెలిసే వేశావా?

నైట్ షిఫ్ట్ కుర్రాడు:
లేదండీ, లైనక్స్ వచ్చింది కదా అని పెట్టేశా.

గణాల మాస్టారు:
అదీ మంచిదే. తొంభై అయిదు. ఆ అయిదూ సర్వర్‌కి.

పాతకాపు:
నాకు అరవై, వాడికి యతి తప్పినా తొంభై అయిదు 🙏

నిర్వాహకుడు:
లెక్క చెప్తున్నా. బిన్ 9, విండోస్ డాట్ ఓల్డ్ 22. కుర్రాడు విడిగా మెసేజ్ చేసి చెప్తే హైబర్నేట్ ఆఫ్ చేశా, అది ర్యామ్‌లో ఉన్నదాన్ని డిస్కులో ఒక ఫైల్లో దాచుకుంటుందట, నా ర్యామ్ 16 జీబీ కాబట్టి ఆ ఒక్క ఫైలే 6 జీబీ పైన ఉంది (దాంతో ఫాస్ట్ స్టార్టప్ కూడా పోతుందట, నాకు పర్లేదు, నేనెప్పుడూ ఫాస్ట్‌గా స్టార్ట్ అవలేదు). పెళ్లి వీడియోల్లో 24 జీబీ బయటి డిస్కుకి పంపించి, అక్కడ ప్లే అవుతున్నాయో లేదో చూసుకున్నాకే ఇక్కడ తీసేశా. మొత్తం 61 జీబీ ఖాళీ. ఎర్రగీత నీలం అయింది. ఆ సంతోషంలో మీ పూరణలన్నీ జాగ్రత్త చేద్దామని కూర్చున్నా, ఇదిగో నా వంతు:

పూరణములు దాచ ఫోల్డరు తెరచితి
వర్డు పీడియెఫ్ఫు వాటి నకలు
ఫైనలొకటి మరల ఫైనలు రెండని
చెత్త నూడ్వ నింట జెత్త పెరిగె

పాతకాపు:
అంటే మా పద్యాలు చెత్తా??

కరీంనగర్ అక్క:
అరె, అన్నడు సూడుండ్రి, స్క్రీన్‌షాట్ తీసిన నేను.

గణాల మాస్టారు:
వాటి నకలు కాదు, నకళ్లు. గణం చెడుతుందని నాకూ తెలుసు, అయినా చెప్పకుండా ఉండలేను.