తోకచుక్క మిషన్ నడిపేవాళ్లు సైంటిస్టులా, మేనేజర్లా?

నిశాచరి: నా మాట సూటిగా చెప్పేస్తా. మిషన్ మొత్తానికి బాధ్యుడైన ప్రధాన పరిశోధకుడి కుర్చీలో కూర్చున్న రోజే ఆ మనిషిలో సైంటిస్టు సగం పోయినట్టే. ప్రతిపాదనలు, బడ్జెట్ కోతలు, సమీక్షలు. పదేళ్లు వీటికే సరి. పేపర్లు రాసేది పక్కవాళ్లు.

రాగిచెంబు: ఒప్పుకోనండీ. మైకేల్ అహెర్న్ నడిపిన నాసా మిషన్ డీప్ ఇంపాక్ట్‌నే చూడండి. 2005 జూలై 4న టెంపెల్ 1 అనే తోకచుక్కని సెకనుకు 10 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో గుద్దిన ఇంపాక్టర్ (నౌక నుంచి వదిలిన దిమ్మ) బరువు దాదాపు 370 కిలోలు, అందులో సగం దాకా రాగే. రాగే ఎందుకు? తోకచుక్కలో రాగి ఉంటుందని ఎవరూ అనుకోలేదు కాబట్టి, ఎగిసిన మెరుపు వర్ణపటంలో ఏది తోకచుక్కదో, ఏది మనం విసిరిందో తేలిగ్గా విడదీయొచ్చు. ఇది మేనేజరుకి తట్టే ఆలోచనా?

నిశాచరి: సరే, రాగి బాగుంది. ఆ దెబ్బకి పడ్డ గుంట కనబడిందా మరి? లేచిన పొడి అడ్డం పడి, పక్కనుంచి వెళ్లిన నౌకకి అదే చిక్కలేదు!

రాగిచెంబు: అసలు కథ అక్కడే ఉంది. జోసెఫ్ వెవెర్కా నడిపిన మరో తోకచుక్క నౌక కాంటూర్ 2002 జూలై 3న ఎగిరింది. ఆగస్టు 15న మోటారు మండించాక మరి పలకలేదు. ఎన్నేళ్ల శ్రమ, ఆరు వారాల్లో ఆవిరి! అదే మనిషి, డోనాల్డ్ బ్రౌన్‌లీ బృందం వైల్డ్ 2 అనే తోకచుక్క ధూళి తేవడానికి వాడేసిన స్టార్‌డస్ట్ నౌకని మళ్లీ పనిలో పెట్టి, 2011 ఫిబ్రవరి 14న టెంపెల్ 1 దగ్గరికి తీసుకెళ్లాడు. సుమారు 150 మీటర్ల గుంట, అంచులు అరిగిపోయినట్టు, చూడబోతే గుంటలానే లేదు. ఉపరితలం ఎంత మెత్తనో అలా తెలిసింది. తన నౌక పోయినవాడు, ఇంకొకరి పాత నౌకతో, మరొకరి గుంట వెతకడం! (ఇది తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.)

పాతకాపు: మీరిద్దరూ గెలిచినవాళ్ల గురించే మాట్లాడుతున్నారు. తోకచుక్క మీద వాలి, మళ్లీ ఎగిరి ఇంకోచోట వాలాలనుకున్న కామెట్ హాపర్ ప్రతిపాదన 2012లో నాసా ఎంపికలో అంగారక మిషన్ ఇన్‌సైట్ ముందు ఓడింది. తోకచుక్క మట్టి తెస్తానన్న సీజర్ 2019లో శని ఉపగ్రహం టైటాన్‌కి వెళ్లే డ్రాగన్‌ఫ్లై ముందు ఓడింది. అవేవీ గాల్లోకి లేవలేదు. ఆ ఏళ్ల లెక్క ఎవరి ఖాతాలో రాద్దాం?

నిశాచరి: పాతకాపు గారూ, నేనడిగిందీ అదే. కాకపోతే ఇంత బాగా అడగలేకపోయాను.

రాగిచెంబు: ఓడిన ప్రతిపాదనలోనూ ఎక్కడ వాలాలి, ఏ పరికరం పెట్టాలి అని తేల్చింది సైంటిస్టే. ఎగరలేదంతే.