హార్డ్ డిస్కు గాజు పళ్ళెం మన ఆటోనగర్‌లో చేయగలమా?

ఆటోనగర్ లేత్ (విజయవాడ):
నిన్న పాడైపోయిన లాప్‌టాప్ హార్డ్ డిస్కు ఒకటి విప్పాను. లోపలి పళ్ళెం అద్దంలా మెరుస్తోంది. రేకు అనుకుని పట్టకారతో వంచబోతే టప్పున పేలి బల్లంతా పెంకులయింది. గాజు! రెండో పళ్ళేన్ని మైక్రోమీటరులో పెట్టి చూశాను. మందం 0.63 మిల్లీమీటర్లు, అడ్డం 65. లారీ బాడీ దగ్గర్నుంచి గేరు దాకా చేస్తున్న ఊరు మనది. విశాఖకి గూగుల్ డేటా సెంటర్ వస్తోందని 2025 అక్టోబరులో ప్రకటించారు కూడా. ఈ పళ్ళెం మనం ఎందుకు చేయకూడదు? చేయాలనే నా పట్టుదల.

గవర్నర్‌పేట సర్వీస్ సెంటర్:
అన్నా, మీ పనితనం మీద అనుమానం లేదు. కానీ మీ లేత్ మైక్రాన్ల లెక్క, ఇది నానోమీటర్ల లెక్క. డేటా రాసి చదివే హెడ్ ఆ పళ్ళెం మీద కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతుంది. మన తల వెంట్రుక మందమే పదుల వేల నానోమీటర్లు. దుమ్ము రేణువు ఒక్కటి పడినా గీత పడుతుంది, గీత పడ్డ డిస్కులో పెళ్ళి వీడియోలు పోయి నా కౌంటర్ దగ్గర ఏడ్చినవాళ్ళని చూశాను. పైగా ప్రపంచంలో హార్డ్ డిస్కులు చేసేది సీగేట్, వెస్టర్న్ డిజిటల్, తోషిబా, ముగ్గురే. వాళ్ళు వద్దంటే సరుకు ఎవరికి అమ్ముతారు? కొత్త లాప్‌టాప్‌లలో దాదాపు అన్నీ పళ్ళెమే లేని ఎస్‌ఎస్‌డీలే, అంటే చిప్పుల్లో డేటా దాచేవి.

కెమిస్ట్రీ మాస్టారు (బ్రాడీపేట, గుంటూరు):
లాప్‌టాప్‌లో గాజు పని తగ్గిందన్నది నిజం. కానీ డేటా సెంటర్లలో వాడే పెద్ద డిస్కుల్లో పెరుగుతోంది. సీగేట్ 2024 జనవరిలో తెచ్చిన 30 టెరాబైట్ల రకంలో పళ్ళేలు 10, రాసే చోటుని లేజర్‌తో క్షణంలో వేడిచేస్తారు. డేటా నిలిచే అయస్కాంత పూతని పళ్ళేనికి పట్టించేటప్పుడే వందల డిగ్రీల వేడి కావాలి. అల్యూమినియం అంత వేడికి నిలవదు, గాజు నిలుస్తుంది. సన్నగా చేసినా గాజు బిగువుగా ఉంటుంది, తిరిగేటప్పుడు తక్కువ అదురుతుంది.

ఇక తయారీ. కరిగిన గాజుని అచ్చులో నొక్కి బిళ్ళ చేస్తారు, మధ్యలో రంధ్రం వేస్తారు, అంచులు రుద్దుతారు. తర్వాత సీరియం ఆక్సైడ్ పొడితో పాలిష్, ఆపైన అతి సన్నని సిలికాతో మరో పాలిష్. నాకు ముచ్చటైనది ఉప్పు స్నానం. కరిగిన పొటాషియం నైట్రేట్‌లో ముంచితే గాజు పైపొరలోని చిన్న సోడియం అయాన్లు బయటికొచ్చి, వాటి చోట్లో పెద్ద పొటాషియం అయాన్లు ఇరుక్కుంటాయి. ఆ బిగింపే గాజుకి బలం. ఫోన్ తెర గాజుని గట్టిపరిచేదీ ఇలాగే. తమ్ముడూ, ఇది నేర్చుకుంటే డిస్కుల ముగ్గురి మీదే ఆధారపడక్కర్లేదు.

గవర్నర్‌పేట సర్వీస్ సెంటర్:
మాస్టారూ, ఉప్పు స్నానం సరే, కడగడం మాటేమిటి? పాలిష్ పొడి రేణువు ఒక్కటి మిగలకూడదు. అంత శుద్ధమైన నీళ్ళు, దుమ్ము చొరబడని క్లీన్ రూమ్, ఎండాకాలం కరెంటు కోతల్లో ఆగని ఏసీలు. ఈ గాజు పళ్ళేలు చేసే జపాన్ కంపెనీ హోయా 1941 నుంచి గాజు మీదే ఉంది. వాళ్ళతో పోటీ అంటే అప్పులపాలవడమే.

గుంటూరు కళ్ళద్దాలు:
మా నాన్న గాజు లెన్సుల రోజుల్లో సీరియం పొడితో చేత్తో పాలిష్ పట్టేవారు. గంటసేపు పట్టాక లెన్సుని దీపానికి అడ్డంగా తిప్పి చూసి, వేలితో కూడా తెలియని గీత పట్టుకుని మళ్ళీ మొదలుపెట్టేవారు. ఆ కన్ను మన దగ్గర ఉంది. కడగడం దగ్గరే మనం ఓడిపోతాం, అందులో సర్వీస్ సెంటర్ అన్న మాట నిజం. అందుకే నా ఓటు చేయమనే, కానీ డిస్కు పేరుతో కాదు, ముందు గట్టిపరిచిన గాజు అద్దాలతో.

ఆటోనగర్ లేత్:
అలా అయితే ఒక చిన్న ఉప్పు తొట్టితో మొదలుపెడతాను. మాస్టారూ, పొటాషియం నైట్రేట్‌ని ఏ తొట్టిలో కరిగించాలి, మా దగ్గరున్న స్టెయిన్‌లెస్ స్టీలు తినేస్తుందా? ఆ జవాబు చూశాకే వెల్డింగ్ పెడతాను.