అప్‌డేట్: 1946-47 ఇంగ్లండ్ ఫుట్‌బాల్ లీగ్ విజేత జూన్ దాకా ఎందుకు తేలలేదంటే

లివర్‌పూల్ మే 31న వుల్వ్స్ జట్టును 2-1తో ఓడించి 57 పాయింట్లతో ఆట ముగించినా, జూన్ 14 వరకు విజేతగా ఎందుకు నిలవలేదని లోగడ అడిగాను. మీ జవాబుల వెంట వెతకగా విషయం తేటపడింది. 1947 తొలి నెలల్లో మంచు మైదానాలను కప్పేసి ఎన్నో మ్యాచ్‌లు వాయిదాపడగా, బొగ్గు కొరతతో కార్ఖానాల పని చెడకూడదని ప్రభుత్వం వారం మధ్య ఆటలను ఆపించడంతో, సీజన్ వేసవిలోకి సాగింది. 55 పాయింట్లున్న స్టోక్ సిటీ, షెఫీల్డ్‌లో చివరి మ్యాచ్ గెలిస్తే (అప్పట్లో గెలుపుకు రెండు పాయింట్లు) లివర్‌పూల్‌తో సమమై, గోల్ సగటుతో (కొట్టిన గోల్స్‌ను ఇచ్చిన గోల్స్‌తో భాగిస్తే వచ్చేది) టైటిల్ దానిదే అయ్యేది; కానీ జూన్ 14న ఆ మ్యాచ్‌లో 2-1తో ఓడింది. తమ స్టార్ ఆటగాడు స్టాన్లీ మాథ్యూస్‌ను స్టోక్ నెల ముందే బ్లాక్‌పూల్‌కు అమ్మేయడం నాకింకా మింగుడుపడదు. లీగ్‌తో సంబంధం లేని మరో పోటీ అయిన ఎఫ్‌ఏ కప్పు మాత్రం ఏప్రిల్‌లోనే, అదనపు సమయంలో డఫీ కొట్టిన ఏకైక గోలుతో చార్ల్‌టన్‌కు దక్కింది. ఆ ఫైనల్లో బంతి పగిలిందట!