యెషయా 25:6 – విందులో ‘మడ్డి’ ఎందుకుంది?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. యెషయా గ్రంథం 25వ అధ్యాయం 6వ వచనంలో ‘మడ్డిమీదనున్న ద్రాక్షారసముతో విందు’ అని ఉంది. అదే వచనం చివర ‘మడ్డిమీది నిర్మలమైన ద్రాక్షారసము’ అని మళ్లీ వస్తుంది. చిన్నప్పటి నుంచి చర్చిలో వింటున్న మాటే గానీ ఎప్పుడూ సరిగ్గా బోధపడలేదు. మడ్డి అంటే అడుగున మిగిలే చెత్త కదా, దేవుడు చేసే విందులో దానికేం పని? పైగా మడ్డి ఉన్నది నిర్మలం ఎలా అవుతుంది? అనువాదంలో ఏమైనా పొరపాటు దొర్లిందంటారా?

జవాబు:

పొరపాటేమీ లేదండీ, చాలా జాగ్రత్తగా చేసిన అనువాదం అది. ‘మడ్డితో’ అనలేదు, ‘మడ్డిమీద’ అన్నారు చూడండి. ఆ ఒక్క విభక్తిలోనే అసలు సంగతంతా ఉంది.

హీబ్రూలో అక్కడున్న మాట ‘షెమారీమ్’. కాపాడడం, భద్రపరచడం అనే అర్థమున్న ‘షామర్’ ధాతువుతో దాన్ని ముడిపెడతారు. అంటే ఆ భాషలో మడ్డి ద్రాక్షారసాన్ని కాపాడేది. మనకు మడ్డి మీద అంత గౌరవం లేదు. గానుగ నూనెను కొన్నాళ్లు కదపకుండా ఉంచితే మడ్డి అడుక్కి దిగుతుంది, పైన తేట తేరుతుంది. తేట వంచుకుని మడ్డి వదిలేస్తాం. మందబుద్ధిని కూడా మడ్డి అనే తిడతాం. అందుకే విందు అనే మాట పక్కన మడ్డి వినబడగానే మనకు ఎబ్బెట్టుగా ఉంటుంది.

మడ్డి కాపాడుతుందనే మాటను ఈ కాలంలో కళ్లారా చూడాలంటే ఇటలీ ఉత్తరాన తెర్లానో అనే ఊరుంది. ఆల్ప్స్ కొండల మధ్య ఆదిజే నది లోయలో, బోల్జానోకూ మెరానోకూ నడుమ ఉంటుంది. మొదటి ప్రపంచయుద్ధం దాకా ఆ ప్రాంతం ఆస్ట్రియాది. ఇప్పటికీ అక్కడ ఎక్కువమంది ఇంటి భాష జర్మనే, ఊరిని తెర్లాన్ అంటారు. 1893లో 24 మంది ద్రాక్ష రైతులు కలిసి అక్కడ ఒక సహకార సంఘం పెట్టారు. తెర్లానో పేరుతో అమ్మే వైన్ ఏ పొలాల నుంచి రావాలో, ఎలా చేయాలో చెప్పే డి.ఓ.సి. గుర్తింపు 1975లో వచ్చింది. తర్వాత దాన్ని ఆ చుట్టుపక్కల ప్రాంతమంతటికీ చెందిన ఆల్తో ఆదిజే డి.ఓ.సి.లో ఒక ఉపప్రాంతంగా కలిపారు. తోటలు లోయ అడుగు నుంచి దాదాపు 900 మీటర్ల ఎత్తు దాకా కొండవాలున ఉంటాయి. నేల ఎర్రటి పోర్ఫిరీ రాయి, దాదాపు 28 కోట్ల ఏళ్ల కిందటి అగ్నిపర్వతాలది. పగలు బాగా ఎండ, రాత్రి కొండగాలి. పండు తీపెక్కుతుంది గానీ పులుపు పోగొట్టుకోదు. ఈ పులుపు గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరమవుతుంది.

ఇప్పుడు మడ్డి సంగతి. ద్రాక్షరసంలోని చక్కెరను ఈస్టు తిని ఆల్కహాల్‌గా మారుస్తుంది. తినడానికి చక్కెర అయిపోయాక చచ్చి అడుక్కి చేరుతుంది. వైన్ మడ్డిలో ముఖ్యభాగం ఈ చచ్చిన ఈస్టే. ఇందులో మళ్లీ రెండు రకాలు. తొక్కల పొడి, గుజ్జు కలిసి మొదట దిగేది ముతక మడ్డి. దాన్ని తొందరగా వేరు చేయకపోతే కుళ్లిన గుడ్డు వాసన పట్టుకుంటుంది. తర్వాత మెల్లగా దిగే సన్న మడ్డి మాత్రం చాలా మేలు చేస్తుంది. వైన్‌లోకి చేరే ఆక్సిజన్‌ను అది తాను పీల్చుకుంటుంది. నెలలూ ఏళ్లూ గడిచేకొద్దీ ఈస్టు కణాలు విచ్చిపోయి లోపలి మాంసకృత్తులు, ఒక రకం చక్కెర పదార్థాలు వైన్‌లోకి వస్తాయి. దాంతో నోట్లో ఒక నిండుదనం, కాల్చిన రొట్టెను తలపించే వాసన వస్తాయి.

తెల్ల వైన్లలో చాలావాటిని రెండు మూడేళ్లలో తాగేయాలి. ఎర్ర వైన్‌ను నిలబెట్టే తొక్కల వగరు వీటిలో ఉండదు కాబట్టి గాలి తగిలి తొందరగా నీరసపడతాయి. తెర్లానో సంఘంలో 1955 నుంచి 1993 దాకా సెల్లార్ (వైన్ తయారుచేసి నిల్వ ఉంచే చోటు) చూసుకున్న సెబాస్టియన్ స్టోకర్ ఈ మాట ఒప్పుకోలేదు. ప్రతి పంట నుంచీ కొన్ని సీసాలు అమ్మకుండా పక్కన పెట్టేవారు. అంతటితో ఆగక, కొంత వైన్‌ను స్టీలు ట్యాంకుల్లో సన్న మడ్డి మీదే పదేళ్లకు పైగా ఉంచి, అప్పుడు సీసాల్లో నింపే పద్ధతి మొదలుపెట్టారు. ఇప్పటికీ ఆ సంఘం అలాంటి వైన్‌ను ‘రారిటీ’ అనే పేరుతో బయటికి తెస్తోంది. ఎక్కువగా పినో బియాంకో ద్రాక్షది, అక్కడి జర్మన్‌లో వైస్‌బుర్గుండర్. కొన్ని ఇరవై ఏళ్లు దాటాక వస్తాయి. ఇందాక చెప్పిన పులుపు లోపలి నుంచి, మడ్డి అడుగు నుంచి కాపాడితే తెల్ల వైన్ కూడా అంత కాలం నిలుస్తుంది. ఆ ఒక్క మనిషి ఓపికను తలుచుకుంటే నాకు నిజంగా నమస్కారం పెట్టాలనిపిస్తుంది. తాను దాచిన వాటిలో చాలా సీసాలు ఎవరు తాగుతారో కూడా ఆయనకు తెలియదు.

వచనానికి వద్దాం. యెషయా నాటి ద్రాక్షారసం ఈ తెల్ల వైన్ లాంటిదని నేననను, కుండల్లో చేసుకున్న ఆ రసం వేరు. కానీ సూత్రం ఒకటే. మడ్డి మీద తగినంత కాలం నిలిచి రుచి పట్టిన ద్రాక్షారసం, విందు రోజున తేర్చి పోసినది. తేర్చారు కాబట్టి నిర్మలం, మడ్డి మీద నిలిచింది కాబట్టి శ్రేష్ఠం. రెండు మాటలూ పక్కపక్కనే ఉండటానికి కారణం అదే.

మరో సభ్యురాలు:

బాగా చెప్పారు అన్నగారూ. కానీ ఈ రోజుల పాఠకులకు ‘పాత ద్రాక్షారసం’ అంటే సరిపోదా? లూకా సువార్తలో ‘పాతదే మంచిది’ అని ఉంది కదా.

జవాబు:

లూకా 5:39లో సరిపోతుందమ్మా, అక్కడ పోలిక కొత్తకూ పాతకూ మధ్య. ఇక్కడ సరిపోదు. ‘పాత’ గడిచిన కాలాన్ని మాత్రమే చెబుతుంది. ముక్కిపోయిన బియ్యమూ పాతదే. యెషయా చెబుతున్నది ఆ కాలంలో లోపల జరిగిన పని. దానికి మనకు ‘మాగు’ ఉంది. కాయ మాగిందంటే రోజులు గడిచాయని కాదు, లోపల రుచి మారిందని. అందుకే తెర్లానో లాంటి వాటి గురించి రాసేటప్పుడు నేను ‘మడ్డి మీద మాగిన తెల్ల వైన్’ అంటాను. ‘వృద్ధ వైన్’, ‘వయసైన వైన్’ అని రాయడం నాకు అస్సలు నచ్చదు. మాగినదాన్ని ముసలిదాన్ని చేయడమెందుకు?

ప్రశ్న వేసినవారు:

ఇప్పుడు తేటపడింది, ధన్యవాదాలు. అయితే ఒక్క సందేహం. యిర్మీయా 48:11లో మోయాబు దేశం ‘మడ్డిమీద నిలిచెను’ అన్నది నిందలాగే ఉంది. 75వ కీర్తనలోనైతే భక్తిహీనులు మడ్డితో సహా తాగాలి. అక్కడ మడ్డి మంచిది కాదు కదా?

జవాబు:

కీర్తనలో మాట సూటిగానే ఉంది. అక్కడ తేర్చడం లేదు, పాత్ర అడుగు దాకా తాగించడమే శిక్ష. యిర్మీయా దగ్గర మాత్రం ఆగి చదవాలి. ‘ఈ కుండలోనుండి ఆ కుండలోనికి’ కుమ్మరించలేదు అని ఉంది. తెర్లానోలో సన్న మడ్డి మీద ఏళ్ల తరబడి ఉంచేది కూడా ముతక మడ్డి నుంచి ఒకసారి మార్చి పోసిన వైన్‌నే. మోయాబును ఎవరూ మార్చి పోయలేదు, చెరలోకి వెళ్లలేదు, ఏ కష్టమూ దాన్ని కదిలించలేదు. అందుకే దాని రుచీ వాసనా మొదట ఎలా ఉన్నాయో అలాగే ఉండిపోయాయి. ఇక్కడ మడ్డి మీద నిలవడమంటే మాగడం కాదు, మారకపోవడం. 11వ వచనాన్ని ఒంటరిగా చదవకండి. 12లో కుమ్మరించేవాళ్లు వచ్చి దాని పాత్రలు ఖాళీ చేస్తారని ఉంది. రెండూ కలిపి చదివితే నింద ఎక్కడుందో తెలుస్తుంది.