నెల సరుకులా, వారం సరుకులా? (ఆరుగురం, పదిమంది ఆకలి)

పాలకొల్లు కోడలు: అత్తగారు, మామగారు, మేమిద్దరం, ఇద్దరు మగపిల్లలు. ఒకడు ఇంటర్, ఒకడు తొమ్మిది. ట్యూషన్ నుంచి వస్తూనే గిన్నెల మూతలు తీస్తారు. బియ్యం మా చేలో పండిన స్వర్ణే, ఆ చింత లేదు. మిగతావి ఒకటో తారీఖున లిస్టు రాసి కిరాణా కొట్టుకి పంపుతాం. ఇరవై వచ్చేసరికి నూనె, పంచదార, వేరుశనగ గుళ్లు ఖాళీ. కందిపప్పుకి మాత్రం పురుగు. వారం వారం తెచ్చుకుంటే నయమేమో అనిపిస్తోంది. నేను స్కూల్లో పని చేస్తాను, రోజూ కొట్టుకి తిరగలేను. మీరెలా చేస్తున్నారు?

తణుకు మాస్టారు: పురుగు సరుకు తప్పు కాదమ్మా, పెట్టిన తీరు తప్పు. పప్పు తెచ్చిన రోజే ఎండబెట్టి, చల్లారాక అరచేతికి ఆముదం రాసుకుని గింజగింజకీ అంటేలా కలిపి డబ్బాకెత్తాలి. బొంబాయి రవ్వ వేయించి పెట్టాలి. కొత్త చింతపండు రాగానే గింజ తీసి, ఉప్పు కలిపి జాడీకెత్తితే ఏడాది చూసుకోనక్కర్లేదు. మా ఇంట్లో 40 ఏళ్లుగా నెల సరుకే. వారం వారం అంటే అరకిలో ప్యాకెట్లు, వాటి మీద పన్ను.

భీమవరం రొయ్య: ఆముదం రాస్తే పప్పు వాసన రాదా మాస్టారూ?

తణుకు మాస్టారు: కిలోకి చెంచాడే. కడిగితే పోతుంది.

రావులపాలెం గెల: పన్ను సంగతి తప్పు చెప్పారండి. అరకిలో ప్యాకెట్‌కైనా పది కిలోల ప్యాకెట్‌కైనా అదే 5 శాతం. 2022 జూలైలో పెట్టిన రూలు ప్రకారం లేబులేసిన పప్పూ బియ్యం 25 కిలోల వరకు పన్ను, ఆపైన లేదు. బియ్యం బస్తా 26 కిలోలైంది అందుకే. కొట్టువాడు విడిగా తూచి పొట్లం కట్టిస్తే అసలు పన్నే లేదు.

తణుకు మాస్టారు: నేనన్నదీ అదే.

రావులపాలెం గెల: అది కాదండి మీరన్నది. పైకెళ్లి చదవండి.

లంక కుర్రాడు: 2022 జూలై అంటే నాకు పన్ను గుర్తురాదు. ధవళేశ్వరం దగ్గర గోదావరి వరదకి మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చిన రోజులు గుర్తొస్తాయి. మాది ఏటి మధ్య లంక, వీధిలోకి పడవొచ్చింది. కొట్టు మునిగింది. అటక మీద నెల సరుకు ఉన్నవాళ్లే పొయ్యి వెలిగించారు. వారం సరుకు అనేది గట్టుకి అవతలున్నవాళ్ల మాట.

పాలకొల్లు కోడలు: మాది లంక కాదు తమ్ముడూ. మాస్టారూ, మా అత్తగారూ ఆముదం రాస్తారు. వానాకాలం మా వంటింటి గోడకి చెయ్యి ఆనిస్తే తడి తగులుతుంది, ఎండ ఎక్కణ్ణుంచి తేను? కూరగాయలకి ఎలాగూ సంతకి వెళ్తాను. పప్పూ నూనే కూడా ఆ చేత్తోనే తెచ్చుకుంటానంటున్నా.

అత్తిలి పిన్ని: అటుకులు ఎక్కువ తెప్పించమ్మా. పెరుగు పోసి, బెల్లం ముక్క చేతిలో పెడితే వంటయ్యేదాకా నోరెత్తరు.

తణుకు మాస్టారు: అసలు ఇరవైకే నూనె ఎందుకైపోతుంది? ఆరుగురికి ఎంత పడుతుందో లెక్కేసి రాయాలి. మా కోడలూ ఇంతే, సెల్లు చూసుకుంటూ రాస్తుంది లిస్టు. ఉద్యోగాల్లో పడ్డాక ఆడవాళ్లకి ఇంటి లెక్క మీద ధ్యాసే లేదు.

భీమవరం రొయ్య: అయిపోయింది. కాసుకోండి మాస్టారూ.

పాలకొల్లు కోడలు: లెక్కేసే రాస్తానండీ. చింపిన క్యాలెండర్ కాగితం వెనకాల. నూనె 6 లీటర్లు అని నేను రాస్తే, మామగారి చేతిలోంచి 4 అయి బయటికొస్తుంది. ఎర్ర పెన్ను. వేరుశనగ గుళ్లు రెండు కిలోలు ఒకటవుతాయి. పోయిన నెల సేమ్యా పూర్తిగా కొట్టేశారు, పైన రెండు గీతలు. కందిపప్పు మాత్రం ఐదు కిలోలు, తగ్గించండి మొర్రో అన్నా తగ్గించరు. తీరా ఇరవైకి నూనె అయిపోతే "ఏం చేశావమ్మా?" అని నన్నడుగుతారు. నా జీతం ఇంట్లోనే ఇస్తాను, అర లీటరు నూనెకి మళ్లీ నేనే అడగాలి. సంతకెళ్తే సంచీ నాదే, డబ్బూ నా చేతిలోనే. పురుగు కాదు మాస్టారూ నా బాధ.

రావులపాలెం గెల: ఇది మొదటి పోస్టులోనే రాయాల్సిందండి.

అత్తిలి పిన్ని: మొదటే ఎలా రాస్తుంది? నీకు పెళ్లి కాలేదనుకుంటా.

తణుకు మాస్టారు: రాత్రంతా ఆలోచించాను. నెలాఖరుకి మా అమ్మ గ్లాసు నా చేతికిచ్చి పక్కింటికి పప్పు బదులుకి పంపేది. వాళ్లావిడ అరగ్లాసే పోసి, "మొన్నటిదే ఇంకా తీర్చలేదు" అనేది. అందుకే మా ఇంట్లో పప్పు డబ్బా ఎప్పుడూ నిండుగా ఉండాలి. మీ మామగారి ఐదు కిలోలూ అలాంటివే అయ్యుంటాయి. నూనె కొట్టేయడం మాత్రం తప్పే. మా ఇంట్లో లిస్టు దిద్దేది నేనే.

పాలకొల్లు కోడలు: ఈసారి మీ కోడలి లిస్టు దిద్దకుండా పంపి చూడండి.

తణుకు మాస్టారు: చూద్దాంలే. నువ్వు ఆముదం మాత్రం మానొద్దు.

రావులపాలెం గెల: 26 కిలోల సంగతి ఒప్పుకున్నట్టేనా?